పోయింది డబ్బు కాదు, పద్దు

మా మెయిన్ బజారు వర్తకుల వాట్సాప్ గ్రూపులో వాన పడిన ప్రతిసారీ ఒకటే గోల. కాలవ పొంగింది, నీళ్ళు కొట్లోకి వచ్చేశాయి, మునిసిపాలిటీ వాళ్ళు నిద్రపోతున్నారు, కమిషనర్‌కి ఫోన్ చెయ్యండి, ఎమ్మెల్యే గారికి చెప్పండి. ఫోటోల మీద ఫోటోలు పెడతారు. ఆ ఫోటోల్లోనే ఉంటుంది అసలు సంగతి. కాలవ మీద ఎవరి కొట్టు ముందు వాళ్ళు పోయించుకున్న సిమెంటు పలకలు, వాటి మీద మెట్లు, మెట్ల మీద చీరలు కట్టి నిలబెట్టిన బొమ్మలు. పూడిక తియ్యడానికి మనిషి దిగే సందు లేదు, పార పెట్టే సందు లేదు. మేస్త్రీ వచ్చి మాత్రం ఏం చేస్తాడు?

మునిసిపాలిటీ మీద నాకూ కోపం ఉంది, లేదనను. కానీ ఈ బజారు ఒకప్పుడు తన బాగోగులు తనే చూసుకున్న బజారు. ఆ సంగతి ఇప్పటి కుర్రాళ్ళకి తెలియదు, తెలిసినవాళ్ళు నోరు విప్పరు. అందుకని నేను చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

మా నాన్నగారి కిరాణా కొట్లో నేను గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది 1960ల చివర్లో. అప్పటికే మా వర్తక సంఘానికి ఒక కట్టుబాటు ఉండేది. లారీలోంచో బండిలోంచో దిగిన ప్రతి బస్తాకీ ఇన్ని పైసలని సంఘం ఖాతాకి జమ వెయ్యాలి. బస్తాలు దిగని బట్టల కొట్లు, ఇత్తడి సామాను కొట్లు, మందుల షాపులు నెలకి ఇంతని కట్టాలి. పెద్ద కొట్టుకి పెద్ద మొత్తం, చిన్న కొట్టుకి చిన్న మొత్తం. దాన్ని ఎవరూ చందా అనేవారు కాదు. చిట్టాలో హమాలీ ఖర్చు, లారీ కిరాయి రాసిన వరసలోనే అదీ రాసేవాళ్ళం. ఇచ్చేవాడికి దానం చేశానన్న గొప్ప ఉండేది కాదు, ఎగ్గొట్టేవాడికి తప్పించుకునే దారి ఉండేది కాదు.

ఇది మా ఒక్క ఊరి తెలివి అనుకోకండి. మిరపకాయల బేరం మీద విరుదునగర్ వెళ్ళొచ్చే గుంటూరు వర్తకులు అక్కడి సంగతులు కథలు కథలుగా చెప్పేవారు. అక్కడి నాడార్ వర్తకులు 'మహమై' పేరిట సరుకు మీద ఇంతని తీసి ఉమ్మడి నిధిలో వేసుకునేవారు. ఆ సంప్రదాయం నుంచే ఆ ఊళ్ళో 1889లో క్షత్రియ విద్యాశాల లేచింది. వర్తకుడు తన లాభంలోంచి ఊరికి ఇంతని పక్కన పెట్టడం మన దక్షిణాదికి కొత్త కాదు. మన ఊళ్ళలో పాత సత్రాలు, చెరువు గట్టున మెట్లు ఎవరు కట్టించారో అక్కడి శిలాఫలకాలు చదవండి, తెలుస్తుంది.

ఆ పైసలతో ఏం చేశారంటారా? మృగశిర కార్తె లోపల బజారు కాలవ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పూడిక తీయించేవారు. మునిసిపాలిటీ మనుషులు వచ్చేదాకా ఎదురుచూసేవారు కాదు. సంఘమే కూలీలను పెట్టేది, తీసిన పూడిక ఎండేలోపు బండ్లకెత్తించి ఊరవతలికి తోలించేది. రోహిణి కార్తెలో బజారుకి అడ్డంగా తాటాకు పందిళ్ళు వేయించేవారు. సాయంత్రం నాలుగింటికి దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లించేవారు. రెండు చోట్ల చలివేంద్రాలు, మధ్యాహ్నం మజ్జిగ. రాత్రిపూట గస్తీకి గూర్ఖా. అతని జీతం సంఘం ఖాతాలోంచే వెళ్ళేది కాబట్టి ఇంటింటికీ తిరిగి చెయ్యి చాపే పని అతనికి ఉండేది కాదు.

అన్నిటికన్నా పెద్ద పని బండ్ల దొడ్డి. చుట్టుపక్కల పల్లెల నుంచి పెళ్ళి సామానుకి, పండగ సరుకుకి జనం ఎడ్ల బండ్ల మీద వచ్చేవారు. బండ్లన్నీ బజార్లో ఆగితే నడవడానికి దారి ఉండదు. అందుకని బజారు చివర ఖాళీ స్థలం లీజుకి తీసుకుని, ఎడ్లకి నీళ్ళ తొట్లు కట్టించి, చింతచెట్ల కింద బండ్లు విప్పుకునే ఏర్పాటు చేశారు. దాని పక్కనే ఆడవాళ్ళకి రెండు మరుగుదొడ్లు, కూర్చోవడానికి ఒక పెంకుటి వసారా. పొద్దున్నే బయల్దేరి వచ్చి సాయంత్రందాకా బజార్లో తిరిగే ఆడవాళ్ళ ఇబ్బంది ఆనాటి పెద్దలకి తెలుసు. ఆ తల్లి కాసేపు స్థిమితంగా కూర్చోగలిగితేనే ఇంకో రెండు కొట్లెక్కుతుందన్న వ్యాపార రహస్యమూ తెలుసు.

ఇవన్నీ ఎవరు చూసేవారు? సంఘం గుమాస్తా. ఆయన ఏ ఒక్క కొట్టుకీ గుమాస్తా కాదు, మొత్తం బజారుకి. పొద్దున ఒకసారి, దీపాలు పెట్టేవేళ ఒకసారి చేతిలో పుస్తకంతో బజారంతా నడిచేవాడు. ఎక్కడ బల్బు పోయింది, ఎక్కడ రాయి లేచింది, ఎవరు చెత్త రోడ్డు మీదికి ఊడ్చారు, అన్నీ రాసుకునేవాడు. మా నాన్నగారంతటి పెద్దమనిషిని కూడా "మీ కొట్టు ముందు బస్తాలు రెండడుగులు బయటికి వచ్చాయండీ" అనేవాడు. నాన్నగారు మారు మాట్లాడకుండా లోపలికి తీయించేవారు.

ఇక అమావాస్య. ఆరోజు బజారు బందు. సాయంత్రం సత్రంలో చాపలు పరిచేవారు. గుమాస్తా మధ్యలో కూర్చుని ఆ నెల పద్దు పైకి చదివేవాడు. ఇంత జమ, ఇంత ఖర్చు, ఇంత నిల్వ. ఖర్చులో ప్రతి పైసాకీ లెక్క. గూర్ఖా జీతం, మజ్జిగలోకి ఉప్పు, చీపుర్ల ఖరీదు, కూలీల పేర్లు. ఆ తరవాత బకాయిదార్ల పేర్లు. బకాయి ఉన్నవాడు లక్షాధికారైనా సరే, పేరు చదవకుండా వదిలేది లేదు. బజార్లోకెల్లా చిన్న కొట్టు దారాలు, గుండీలు అమ్మే ఆయనది. ఆయన లేచి "పోయిన నెల చీపుర్లకి ఇంత, ఈ నెల అంత, ఎందుకు పెరిగింది?" అని అడిగితే అధ్యక్షులవారే జవాబు చెప్పేవారు. డబ్బు అలా నిలబడింది. పదిమంది ముందు పైకి చదివిన లెక్క మీద అనుమానం పుట్టదు, అనుమానం లేనిచోట ఇవ్వడానికి చెయ్యి వెనక్కి పోదు.

మరి ఇప్పుడో? ఇప్పటివాళ్ళు పిసినారులని నేననను. మా రోజుల్లోకంటే ఎక్కువే ఇస్తున్నారు. నెలకోసారి ఎవరో ఒకరు రసీదు పుస్తకంతో కొట్టెక్కుతారు. వినాయక చవితికి ఒకటే వీధిలో మూడు పందిళ్ళు, మూడు డీజేలు, మూడు చందాలు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి ఒక చందా, స్వాగత తోరణానికి ఒక చందా. ఇచ్చినవాడు ఆ డబ్బు ఎటు పోయిందని అడగడు, తీసుకున్నవాడు చెప్పడు. ఏడాది పొడుగునా ఇలా పోయినదంతా ఒకచోట చేరిస్తే కాలవ బాగుపడుతుంది, మరుగుదొడ్డి లేస్తుంది. ఆ రెండింటికీ మాత్రం రసీదు పుస్తకం అచ్చు వేయించినవాడు లేడు.

పార్కింగు సంగతి చెబితే కడుపు మండుతుంది. పొద్దున కొట్టు తెరవగానే యజమాని తన బండి కొట్టు ముందే పెడతాడు, పనిచేసే కుర్రాళ్ళు తమ బండ్లు దాని పక్కన పెడతారు. ఖాతాదారు వచ్చేసరికి చోటు ఉండదు. రోడ్డు మధ్యలో ఆపితే పోలీసు ఫోటో తీసి చలానా పంపుతాడు. ఆ మనిషి మళ్ళీ మన బజారుకి ఎందుకొస్తాడు? బండ్ల దొడ్డి స్థలంలో అపార్ట్‌మెంటు లేచింది. ఎడ్లకి నీళ్ళ తొట్టి కట్టించిన బజారు, మనుషులకి మరుగుదొడ్డి లేని బజారు అయింది.

సీసీ కెమెరాల కథ చూడండి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలోనే జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలని ప్రజా భద్రతా చట్టం చేశారు. హైదరాబాద్ పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీలు, వర్తకుల చందాలతో వేల కెమెరాలు పెట్టించారు. మా ఊళ్ళోనూ అధికారులు అడిగితే వర్తకులు వెంటనే డబ్బిచ్చారు. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. తరవాత వైరు తెగితే అతికించేదెవరు, రికార్డయ్యే పెట్టె పాడైతే మార్చేదెవరు? దానికి పద్దు లేదు, మనిషి లేడు. కొట్టు తాళం పగిలిన రోజున ఆ స్తంభం మీది కెమెరా చూసిందేమీ లేదని తేలింది. ఒక్కసారి డబ్బు పోగేసి వస్తువు కొనడం ఎవరైనా చేస్తారు. కొన్నదాన్ని ఏటేటా కనిపెట్టుకుని ఉండడమే సంఘం పని.

ఇలా అంటే కుర్రాళ్ళు నా మీదికొస్తారు. "తాతగారూ, జీఎస్టీ కడుతున్నాం, ఆస్తిపన్ను కడుతున్నాం, ట్రేడ్ లైసెన్సు కడుతున్నాం. మళ్ళీ మా జేబులోంచే కాలవ బాగుచేసుకోవాలా?" అని. న్యాయమైన ప్రశ్నే. పన్ను కట్టినందుకు మునిసిపాలిటీ చెయ్యాల్సింది ముక్కుపిండి చేయించుకోవాలి. కానీ నా ప్రశ్నకి కూడా జవాబు చెప్పండి. మన బజార్లో కొట్టున్నవాడే బైపాస్ పక్క మాల్‌లో రెండో బ్రాంచి తెరిచాడు. అక్కడ అడుగుకింత చొప్పున నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నాడు. లైట్లకి, లిఫ్టుకి, గార్డులకి, ఊడ్చేవాళ్ళకి, మరుగుదొడ్లకి, పండగ అలంకారానికి. ఒక్కనెల ఆలస్యమైతే జరిమానాతో సహా కడతాడు. నోరెత్తడు. అదే మనిషి ఇక్కడ తాతల నాటి కొట్టు ముందు వీధి దీపానికి రూపాయి ఇవ్వమంటే పన్నుల లెక్క చెబుతాడు. జనం మాల్‌కి ఎందుకు పోతున్నారో చూడండి. కారు పెట్టుకునే చోటుంది, కూర్చునే బల్ల ఉంది, ఆడవాళ్ళు వెళ్ళడానికి శుభ్రమైన చోటుంది. మన పాత సంఘం ఇచ్చినవి ఇవే. మాల్ వాడు వాటిని అగ్రిమెంటు కాగితం మీద రాయించుకుని వసూలు చేస్తున్నాడు, అంతే తేడా.

మా చిన్నమ్మాయి టొరంటోలో ఉంటుంది. అక్కడ గెరార్డ్ వీధిలో ఇండియా బజారు ఉంది. 1972లో నాజ్ అనే సినిమా హాల్లో మన దేశపు సినిమాలు ఆడడం మొదలైతే, దాని చుట్టూ చీరల కొట్లు, మిఠాయి కొట్లు, పాన్ షాపులు పెరిగి బజారైంది. అమ్మాయి తీసుకెళ్తే చూశాను. వీధి దీపాల స్తంభాలకి బజారు పేరుతో జెండాలు కట్టి ఉన్నాయి. ఇవన్నీ ఎవరు పెట్టారని ఒక చీరల కొట్టాయన్ని అడిగాను. "మేమేనండీ, ఆస్తిపన్నుతో పాటే మా బజారు రుసుము కూడా కడతాం, సిటీ వాళ్ళు వసూలు చేసి మా సంఘానికి ఇచ్చేస్తారు" అన్నాడు. నేను అక్కడే నిలబడిపోయాను. మనం పోగొట్టుకున్నదాన్ని వాళ్ళు చట్టం చేసి పెట్టుకున్నారు.

ఆ పద్ధతి పుట్టింది కూడా టొరంటోలోనే. బ్లూర్ వెస్ట్ విలేజ్ అని అక్కడొక పాత బజారు. 1960ల్లో భూగర్భ రైలు వచ్చింది, పైన నడిచే ట్రాములు ఆగిపోయాయి, ఊరి చుట్టూ మాల్స్ లేచాయి. బజారు దారిన పోయే జనం తగ్గిపోయారు. అక్కడా వర్తక సంఘం ఉంది, చందాలు ఉన్నాయి. అక్కడా కొందరు ఇచ్చేవారు, ఇవ్వనివాళ్ళు వెలుగులో వాటా మాత్రం పొందేవారు. దాంతో విసిగిపోయిన వర్తకులు, మా మీద మేమే రుసుము వేసుకుంటాం, అందరి దగ్గరా వసూలయ్యేలా చట్టం చెయ్యండని ప్రభుత్వాన్ని అడిగారు. 1970లో అది కుదిరింది. దీపాలు, మొక్కల తొట్లు, బల్లలు, పండగ అలంకారాలు వచ్చాయి, బజారు నిలదొక్కుకుంది. ఇప్పుడు టొరంటో నగరంలోనే అలాంటి బజార్లు ఎనభైకి పైగా ఉన్నాయి. 1974లో అమెరికాలో న్యూ ఆర్లియన్స్ ఆ దారి పట్టింది. 1992లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ వర్తకులు, స్థలాల యజమానులు అదే పద్ధతిలో సొంతంగా ఊడ్చేవాళ్ళని, కాపలావాళ్ళని పెట్టుకున్నారు.

నాకు బాగా నచ్చింది ఇంగ్లండు పద్ధతి. 2003లో చట్టం చేశారు, 2005లో లండన్‌లోని కింగ్‌స్టన్‌తో మొదలైంది, ఇప్పుడు బ్రిటన్ మొత్తం మీద ఇలాంటి బజార్లు మూడొందలు దాటాయి. ముందు పథకం రాసి వర్తకులందరికీ పంచాలి. ఏం చేస్తాం, ఎంత ఖర్చు, ఎవరి మీద ఎంత పడుతుంది అన్నీ అందులో ఉండాలి. తరవాత ఓటు. రెండు లెక్కలూ గెలవాలి. ఓటేసినవాళ్ళలో సగానికి మించి ఒప్పుకోవాలి, ఒప్పుకున్నవాళ్ళ కొట్ల పన్ను విలువ కూడా సగానికి మించాలి. అంటే పెద్ద షోరూములవాళ్ళు నలుగురు కలిసి చిన్నవాళ్ళ నెత్తిన రుద్దలేరు, చిన్నవాళ్ళంతా కలిసి భారం పెద్దవాళ్ళ మీదికి నెట్టలేరు. గెలిస్తే అందరూ కట్టాలి, వద్దని ఓటేసినవాడు కూడా. ఆ పన్ను విలువ మీద సాధారణంగా ఒకటి, రెండు శాతం. అదీ అయిదేళ్ళకి మించి నడవదు, మళ్ళీ ఓటుకి వెళ్ళాల్సిందే. పని నచ్చక రెండోసారి ఓడిపోయి మూతబడ్డవీ ఉన్నాయి. మునిసిపాలిటీ అప్పటిదాకా చేస్తున్న పనులేమిటో ముందే కాగితం మీద రాస్తారు. రుసుము వచ్చింది కదా అని వాళ్ళు చీపురు పక్కన పెట్టకుండా. మా అమావాస్య సభలో ఉన్న నీతి అంతా ఇందులో ఉంది, దానికి చట్టం వెన్ను తోడైంది.

మన దగ్గర ఇలాంటిది కుదరదనేవాళ్ళు ఒక్కసారి మార్కెట్ యార్డుకి వెళ్ళి చూడండి. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద అక్కడ సరుకు కొనేవాళ్ళ దగ్గర సెస్సు వసూలవుతుంది. రైతులు, వర్తకులు సభ్యులుగా కమిటీ ఉంటుంది. ఆ డబ్బులోంచి యార్డులో షెడ్లు, అరుగులు, మంచినీళ్ళు. ధాన్యం అమ్మే చోటుకి ఉన్న ఏర్పాటు చీరలు, గిన్నెలు, మందులు అమ్మే బజారుకి ఎందుకు ఉండకూడదు?

అయితే పాతకాలం కట్టుబాటును ఉన్నదున్నట్టు దించితే చాలదు, రెండు విషయాలు మారాయి. ఒకటి, ఆ రోజుల్లో కొట్టు ఎవరిదో గల్లా దగ్గర కూర్చునేవాడూ వాడే. ఇప్పుడు మా బజార్లో చాలా కొట్లు అద్దెవి. యజమాని హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు. బజారు బాగుపడితే అద్దె పెంచేది ఆయన. బాగు చెయ్యడానికి డబ్బు కట్టేది అద్దెకున్నవాడా? అది అన్యాయం. రుసుములో సగమైనా స్థలం యజమాని మీద ఉండాలి, దాన్ని అద్దెలో కలిపి తిప్పి వసూలు చెయ్యకుండా కట్టడి ఉండాలి.

రెండోది తోపుడు బండ్లవాళ్ళు. బజారు బాగుచేస్తాం అనగానే కొందరికి ముందు గుర్తొచ్చేది పూలమ్మే ఆవిణ్ణి, అరటిపళ్ళ బండిని తరిమెయ్యడం. మా రోజుల్లో గుడి ముందు పూలవాళ్ళకి అరుగు కట్టించి ఇచ్చింది సంఘమే. వాళ్ళు లేని బజారుకి పండగ కళ ఉండదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊళ్ళో కమిటీ ఉండాలి, అందులో నూటికి నలభై మందికి తగ్గకుండా ఆ వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి, వర్తక సంఘాలకీ అందులో చోటుంది. పక్కపక్కన కూర్చుని ఎవరికెంత చోటో గీత గీసుకోండి. ఆ గీత కొట్టుకీ వర్తించాలి. మెట్లు, బొమ్మలు, ఫ్లెక్సీలు కాలవ మీదినుంచి తీసిన తరవాతే బండివాణ్ణి జరగమనే అధికారం మనకి వస్తుంది.

కాబట్టి నేనడిగేది ఇది. ఏ బజారైనా ఓటు వేసుకుని తన మీద తాను రుసుము వేసుకునే వీలు మునిసిపల్ చట్టంలో పెట్టండి. ఆ డబ్బు మునిసిపాలిటీ జనరల్ ఫండులో కలవకూడదు, విడి ఖాతాలో ఉండాలి. కమిటీలో పెద్ద కొట్లు, చిన్న కొట్లు, స్థల యజమానులు, తోపుడు బండ్లవాళ్ళు, బజారు మీద నివసించేవాళ్ళు అందరూ ఉండాలి. జీతమిచ్చి బజారంతా తిరిగే ఒక మనిషిని పెట్టాలి. అయిదేళ్ళకోసారి మళ్ళీ ఓటు.

చట్టం వచ్చేసరికి సమయం పడుతుంది. అబ్బాయిలూ, అందాకా చేతులు కట్టుకుని కూర్చోకండి. మీ వాట్సాప్ గ్రూపులో అంత మంది ఉన్నారు. నెలకి కొట్టుకింతని నిర్ణయించుకుని, బ్యాంకులో సంఘం పేర ఖాతా తెరిచి, మొదటి పనిగా ఆడవాళ్ళకి రెండు మరుగుదొడ్లు కట్టించండి, వాటిని శుభ్రంగా ఉంచడానికి ఒక మనిషిని పెట్టండి. ఆ నెల జమాఖర్చు అందరినీ పిలిచి పైకి చదవండి, బకాయిదార్ల పేర్లతో సహా. మీరు చదువుకున్నవాళ్ళు, లెక్కలు ఫోన్లోనే వేయగలవాళ్ళు, మాకంటే బాగా చెయ్యగలరు. రేపు ఓట్లకోసం మీ కొట్టెక్కే ప్రతి అభ్యర్థినీ బజారు చట్టం తెస్తావా లేదా అని అడగండి. ఆ మాట గట్టిగా అడగాలంటే ముందు మీ పద్దు సరిగ్గా ఉండాలి.